ద్వీపాంతరం వెళ్ళే అతిథికి

మా తాతల కాలంలో "ద్వీపాంతరం" అన్న మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, ఊళ్ళో చెల్లే అర్థం మరొకటి. నిఘంటువు ప్రకారం అది కేవలం మరొక దీవి. ఊళ్ళో అది తిరిగి రాని చోటు. ఫలానా వాణ్ణి ద్వీపాంతరం పంపారంటే ఇంటివారు ఆశ వదులుకునేవారు. ఉత్తరాదివారు దానినే కాలాపానీ అన్నారు. అవే దీవులకు నేడు చెన్నపట్నం నుంచి రెండు గంటల పైచిలుకు విమాన ప్రయాణం. జనం వెళ్ళి సముద్రస్నానం చేసి, సెల్యులార్ జైలు గోడ ముందు ఫోటో తీయించుకుని, అయిదో రోజుకు ఇల్లు చేరుతున్నారు. మాటలను ఒక భాష నుంచి మరొక భాషకు మోసుకుపోవడమే వృత్తిగా గల నాకు, మూడు తరాల్లో ఇంతగా తలక్రిందులైన మాట మరొకటి తారసపడలేదు.

ఆ అయిదు రోజులలో యాత్రికునికి సముద్రం కనిపిస్తుంది, జైలు కనిపిస్తుంది, మనుషులు మాత్రం అంతగా కనిపించరు. అండమాన్, నికోబార్ దీవులలో నిజంగా చూడదగినది అక్కడి మనుషులు కలిసి బ్రతకడం నేర్చుకున్న తీరు. దానిని చూడగోరే అతిథికి కొన్ని మర్యాదలు తెలిసి ఉండాలి. అక్కడ కొన్ని ఇళ్ళలోకి చనువుగా పోవచ్చు. కొన్ని ఇళ్ళకు అనుమతి తీసుకుని పోవాలి. కొన్ని వాకిళ్ళ ముందు నిలవనైనా కూడదు.

మొదట ఉనికి. బంగాళాఖాతంలో విశాఖపట్నానికి ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరాన, ఉత్తర దక్షిణాలుగా పరచిన దండ వలె ఈ దీవులున్నాయి. బండరాళ్ళతో సహా లెక్కిస్తే 836 అని ప్రభుత్వ గణన. అందులో మనుషులు నివసించేవి ముప్ఫై చిల్లర మాత్రమే. ఉత్తరాన ఉన్నవి అండమాన్లు, దక్షిణాన ఉన్నవి నికోబార్లు. రెండింటి నడుమ పది డిగ్రీల జలసంధి అనే 150 కిలోమీటర్ల లోతైన నీరు. ఉత్తరపు కొసకు బర్మా దీవులు దగ్గర, దక్షిణపు కొసకు సుమత్రా దగ్గర, మనకే దూరం. దేశమంతటికీ ఒకే గడియారం కావడం చేత అక్కడ అయిదింటికే తెల్లవారిపోతుంది, సాయంత్రం అయిదున్నరకు దీపాలు పెడతారు. ఆలస్యంగా నిద్రలేచే అలవాటున్న వారు సగం పగలు పోగొట్టుకుంటారు.

ఓడ మీద పోతే దాదాపు రెండున్నర, మూడు రోజులు. చెన్నై, కలకత్తా, విశాఖల నుంచి ఓడలున్నాయి. విశాఖ నుంచి తక్కువ. తీరికా, సముద్రానికి తట్టుకునే కడుపూ ఉన్నవారికి నా సలహా ఓడే. ఈ దేశానికీ ఆ దీవులకూ మధ్య ఉన్న దూరం ఎంతటిదో విమానంలో తెలియదు.

దిగగానే అతిథిని పలకరించేవి ఊళ్ళ పేర్లు. రాజధాని పేరు చాలాకాలంపాటు పోర్ట్ బ్లెయిర్. 1789లో మొదటి వలసను నెలకొల్పిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి పేరది. 2024 సెప్టెంబరులో దానిని శ్రీ విజయపురం అని మార్చారు. ఆటోవాళ్ళూ, చేపలమ్మే ఆడవాళ్ళూ ఇంకా బ్లెయిర్ అనే అంటున్నారు గనుక ఈ వ్యాసంలో నేనూ పాత పేరే వాడుతున్నాను. నగరం నడిబొడ్డు బజారు పేరు ఏబర్డీన్, స్కాట్లండు ఊరి పేరు. కొద్ది దూరం పోతే వింబర్లీగంజ్, ఫెరార్‌గంజ్: దొర పేరుకు హిందుస్తానీ తోక. ఇంకా పోతే కాలికట్, మంజేరి, తిరూర్. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత ఇక్కడికి పంపబడిన మాప్పిళ్ళలు, తాము మళ్ళీ చూస్తామో లేదో తెలియని ఊళ్ళ పేర్లు ఇక్కడి మట్టికి పెట్టుకున్నారు.

ఇక నీల్ దీవికి పోయి చూడండి. అక్కడ సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అనే పల్లెలున్నాయి. పక్కనే హేవ్‌లాక్ దీవిలో రాధానగర్, గోవింద్‌నగర్, కృష్ణానగర్, శ్యామ్‌నగర్. ఒక దీవి రామాయణం, మరొకటి భాగవతం. తూర్పు బెంగాలు నుంచి సర్వమూ పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులను స్వాతంత్ర్యానంతరం ఈ దీవులలో నెలకొల్పారు. అడవి కొట్టి, గుడిసె వేసుకుని, తమతో తెచ్చుకోగలిగిన ఏకైక ఆస్తిని ఊళ్ళకు పేర్లుగా పెట్టారు. 2018 చివర ఈ రెండు దీవుల అధికారనామాలు షహీద్, స్వరాజ్ ద్వీపాలుగా మారాయి. పల్లెల పేర్లు మారలేదు.

అండమాన్ సంస్కృతి అనేది ఏదైనా ఒకటున్నదా అని అడిగేవారున్నారు. అన్నీ అరువు తెచ్చుకున్నవే కదా అని వారి భావం. ఆ ప్రశ్నకు జవాబు "లోకల్ బోర్న్" అని తమను తాము పిలుచుకునే కుటుంబాలు. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే అధికారి, సిపాయిల తిరుగుబాటు అణచివేత తర్వాత, 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఆపైన ఎనభై ఏళ్ళపాటు దేశం నలుమూలల నుంచి ఖైదీలు వస్తూనే ఉన్నారు. కొన్నేళ్ళు సత్ప్రవర్తనతో గడిపినవారికి కాస్త భూమి ఇచ్చి, ఆడ ఖైదీలను వివాహమాడే అనుమతి ఇచ్చేవారు. వరుడిది పంజాబు, వధువుది బెంగాలు. ఆయన కులమేదో ఆమెకు పట్టలేదు, ఆమె కులమేదో అడగగల స్థితి ఆయనకు లేదు. ఇంట్లో రెండు భాషలూ పనికిరాక మూడవది కావలసి వచ్చింది. అదే ఇప్పటికీ బ్లెయిర్ బజారులో వినబడే హిందుస్తానీ. వ్యాకరణ పండితులు దానిని విని చెవులు మూసుకోవచ్చు. నాకు మాత్రం అది బిడ్డల కోసం తల్లిదండ్రులు చేసిన అనువాదంగా తోచింది. 1942కు పూర్వం స్థిరపడినవారి సంతతిని "ప్రీ-42" అని ప్రభుత్వ కాగితాలు సైతం ప్రత్యేక వర్గంగా గుర్తిస్తాయి.

ఇక్కడ అతిథి పాటించవలసిన మొదటి మర్యాద. మన వైపు రైలులో పక్కవాడితో మాట కలిపితే రెండో ప్రశ్నకే కులగోత్రాలు తెలుసుకునే ప్రయత్నం జరుగుతుంది. అక్కడ ఆ ప్రశ్న వేయకండి. కోపగించుకోరు, కానీ ముఖం తిప్పుకుంటారు. ముత్తాత ఏ నేరం మీద వచ్చాడని అడగడం అంతకన్నా మోటు. రాజకీయ ఖైదీల మనుమలు కొందరు తామే చెబుతారు. తక్కినవారి మౌనాన్ని మన్నించాలి.

తరువాతి వలసలు ఒక్కొక్కటీ ఒక్కొక్క కథ. బర్మా నుంచి 1925లో కరెన్ జాతివారు అడవి పనికి వచ్చి మాయాబందర్ దగ్గర వెబి అనే పల్లె కట్టుకున్నారు; వారి భాషలో ఆ పేరుకు "దాగిన ఊరు" అని అర్థం. క్రైస్తవులు, పడవ నడపడంలో నిపుణులు. చోటా నాగపూర్ నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలను ఇప్పటికీ రాంచీవాలాలు అంటారు. దీవుల రోడ్లలో, ఓడరేవులలో వారి చెమట పడని గజం లేదు. వారికి దక్కిన భూమి మాత్రం స్వల్పం. నికోబార్లకూ దక్షిణపు కొసన ఉన్న గ్రేట్ నికోబార్‌లోని క్యాంబెల్ బేలో 1969 నుంచి మాజీ సైనికులను నెలకొల్పారు.

మనవారి సంగతి? 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనం 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు, అంటే నూటికి 13 మంది. బెంగాలీ, తమిళాల తరువాత మూడవ స్థానం తెలుగుది, హిందీ కంటే ఒక మెట్టు పైన. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలవేటకూ, కూలికీ పోయినవారు, వారి సంతతి. ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకు తెల్లవారుజామున పోతే, ఒక్క క్షణం బారువ ఒడ్డునో, భీమిలి ఒడ్డునో ఉన్నామా అని భ్రమ కలుగుతుంది. అక్కడ బుట్ట ముందు కూర్చున్న ఒక పెద్దావిడ నా ఉచ్చారణ విని, "మెయిన్‌లాండ్ నుంచి వచ్చినారా బాబూ?" అని అడిగింది. మీదే ఊరమ్మా అంటే, "మా అమ్మోళ్ళది సోంపేట కాడ. నానిక్కడే పుట్టినాను. నాది ఈ ఊరే" అన్నది. "ఈ ఊరే" అన్నప్పుడు ఆమె గొంతులో కించిత్తు పట్టుదల ఉన్నది. మనవారు కనిపించగానే "పాపం, ఇంత దూరం వచ్చి పడ్డారు" అని జాలి ఒలకబోసే అలవాటు మనకుంది. ఆ జాలి వారికి అక్కరలేదు.

తెలుగువారికి ఆ జైలుతోనూ బంధుత్వమున్నది. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన సెల్యులార్ జైలుకు చక్రం ఆకుల వలె ఏడు భుజాలుండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరులైన మన్యం వీరులు కొందరు ఆ శిక్ష అనుభవించారు. వారిలో గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి గారు కూడా ఇక్కడి గదిలో గడిపినవారే. వారి వారి పేర్లు జైలులోని ఫలకాల మీద వెదకడం మన యాత్రికులకు ఒక అలవాటు. మంచిదే. కానీ ఆ తరువాతి అధ్యాయాన్ని చదవకుండా చాలామంది బయటికి వచ్చేస్తారు.

1942 మార్చి 23న జపాన్ సైన్యం ఈ దీవులను ఆక్రమించింది. 1943 డిసెంబరు 30న సుభాస్ చంద్రబోస్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. ఆ దృశ్యం మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. అదే రోజున, అదే పట్టణపు జైలులో, డాక్టర్ దివాన్ సింగ్ అనే వైద్యుడు జపాన్ వారి చేతిలో చిత్రహింసలు అనుభవిస్తున్నారన్నది పుస్తకాలలో లేదు. ఆయన పంజాబీ కవి. ఈ దీవుల మీద ప్రేమతో "కాలేపానీ" అని కలం పేరు పెట్టుకున్నాడు. కొరియా నుంచి బలవంతాన తెచ్చిన స్త్రీలను సైనికుల విలాసానికై ఉంచేందుకు గురుద్వారాను అప్పగించమని అధికారులు కోరితే ఆయన నిరాకరించాడని చెబుతారు. 1944 జనవరి 14న ఆయన మరణించాడు. అదే నెల 30న హంఫ్రేగంజ్ వద్ద 44 మందిని గూఢచారులన్న నెపంతో కాల్చివేశారు. అతిథి ఎవరైనా సరే, జైలు చూసిన మరునాడు ఆ గురుద్వారాకు పోయి కాసేపు కూర్చుని రావాలని నేనంటాను. తల మీద గుడ్డ కప్పుకోవడం, చెప్పులు విడవడం తప్ప అక్కడ వేరే నియమం లేదు.

నికోబార్ల సంగతి వేరు. అక్కడికి పోవడానికి ప్రత్యేకమైన అనుమతిపత్రం కావాలి. మామూలు యాత్రికులకు అది లభించదు. 1956 నాటి ఆదివాసుల రక్షణ చట్టం దానికి ఆధారం. "మన దేశంలోనే మనకు అనుమతి ఎందుకు?" అని విసుక్కునే వారిని బ్లెయిర్ బజారులో రోజూ వినవచ్చు. నికోబారీల ఇంటి వ్యవస్థను గురించి కొంచెం తెలిస్తే ఆ విసుగు తగ్గుతుంది.

వారి సమాజానికి పునాది "తుహేత్". మన ఉమ్మడి కుటుంబం వంటిదే కానీ అంతకంటే పెద్దది. కొబ్బరి తోటలు, పందులు, పడవలు, భూమి అన్నీ తుహేత్‌వి. ఏ ఒక్కరివీ కావు. కష్టానికీ, పంటకూ, వండినదానికీ అందరూ వాటాదారులే. గ్రామ పెద్దను "కెప్టెన్" అంటారు, పాత రోజుల్లో వచ్చిపోయే వర్తకపు ఓడల నుంచి పట్టుకున్న మాట. ఊరికి సముద్రపుటొడ్డున "ఎల్పనం" అనే ఉమ్మడి స్థలముండేది. పండుగలక్కడే, పడవల పాకలక్కడే. పురుడు పోసుకోవడానికి ఒక ఇల్లు, ప్రాణం విడవడానికి ఒక ఇల్లు కూడా అక్కడే ఉండేవి. పుట్టుకా, చావూ రెండూ సముద్రం ఎదుట జరగాలని వారి పూర్వికుల ఏర్పాటు. మనలో పురిటిల్లు వేరు, మరణాశౌచం వేరు. రెంటినీ ఒకే వాకిట పెట్టిన జాతి నాకు తెలిసి మరొకటి లేదు. కొన్నేళ్ళకొకసారి పెద్దల అస్థులను వెలికితీసి, అలంకరించి, పందులను కోసి, ఊళ్ళకు ఊళ్ళను పిలిచి విందు చేసేవారు. క్రైస్తవం వచ్చాక ఆ పండుగ రూపం మారింది, విందు మిగిలింది. స్నేహితుణ్ణి "హోల్చూ" అంటారు. బ్లెయిర్‌లోని పరాయివారు నికోబారీలను పలకరించేదీ ఆ మాటతోనే.

మాటల మనిషిగా నన్ను ఎక్కువగా నిలిపివేసిన ఆచారం ఒకటున్నది. రోప్‌స్టార్ఫ్ అనే అధికారి 19వ శతాబ్దిలో నాన్‌కౌరీ మాండలికానికి నిఘంటువు కూర్చాడు. 1883లో ఆయన హత్యకు గురికాగా, భార్య దానిని సరిచూసి 1884లో ప్రచురించింది. ఆ దీవులలో మరణించినవారి పేరు ఉచ్చరించరాదన్న నియమాన్ని ఆయన గమనించాడు. మనిషి పేరు సామాన్యంగా ఏ చెట్టు పేరో, వస్తువు పేరో అయి ఉండేది. ఆ మనిషి పోగానే ఆ మాటా పోయేది. వస్తువుకు కొత్త మాట వెదుక్కోవలసి వచ్చేది. ఉదాహరణకు మన ఊళ్ళో చింతయ్య అనే పెద్దమనిషి కాలం చేస్తే, ఆ మరునాటి నుంచి చింతచెట్టును ఊరంతా మరో మాటతో పిలవడం వంటిది. శోకం ఒక భాషను ఇంతగా మార్చగలదా? అక్కడ నిఘంటువు కూర్చడమంటే ఏటి నీటి మీద గీత గీయడమే. ఆ దంపతులు ఆ పని చేశారు.

ఆ తరువాతి కాలంలో కార్ నికోబార్ మనిషే ఒకడు ఆ గీతను గట్టిగా గీశాడు. జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదువుకుని, తన దీవికి తిరిగి వచ్చి ఉపాధ్యాయుడై, ఆపైన బిషప్ అయ్యాడు. రోమన్ లిపిలో తన భాషకు రాత నేర్పి, బైబిలు కొత్త నిబంధనను అందులోకి అనువదించాడు. మంచు, గొర్రెల మంద, ద్రాక్షతోట తెలియని భాషలోకి ఆ పుస్తకం ఎలా వచ్చి ఉంటుందో ఊహించడం నా వంటివాడికి ఒక కాలక్షేపం. 1952 తొలి లోక్‌సభకు దీవుల ప్రతినిధిగా రాష్ట్రపతి ఆయనను నియమించారు. ఆ సభలోనే, ఇందాక చెప్పుకున్న మల్లుదొర ఉన్నారు. ఒకరికి ఆ దీవి జన్మభూమి, మరొకరికి చెరసాల. వారిద్దరూ ఎప్పుడైనా పలకరించుకున్నారో లేదో!

2004 డిసెంబరు 26 ఉదయం వచ్చిన సునామీ ఎల్పనాలను ఊడ్చుకుపోయింది. కార్ నికోబార్ తీరంలోని ఊళ్ళన్నీ పోయాయి. దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ నేల నాలుగు మీటర్ల పైచిలుకు కుంగి, దీపస్తంభం నీటిలో నిలిచింది. ఆ తరువాత ప్రభుత్వం లోతట్టున వరుసలు వరుసలుగా ఇళ్ళు కట్టించి, ఒక్కో దంపతులకు ఒక్కొక్క ఇల్లు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ తుహేత్ అనే పెద్ద కుటుంబం ఆ లెక్కల పుస్తకంలో లేదు. సహాయపు సొమ్ము విడివిడి ఖాతాలలో పడింది. సముద్రం విడదీయని వాటిని కొన్నిటిని సాయం విడదీసింది. పిలవని అతిథికి అక్కడ తలుపు ఎందుకు మూసి ఉన్నదో ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఇక చివరిది, అసలైనది: అడవి. ఈ దీవులకు మనమందరమూ కొత్తవారమే. వేల ఏళ్ళుగా ఉన్నవారు అండమాన్లలో నాలుగు జాతులు: గ్రేట్ అండమానీలు, ఓంగేలు, జరావాలు, సెంటినెలీలు. గ్రేట్ నికోబార్ అడవిలో షోంపెన్‌లు. యాత్రికుల కరపత్రాలు వీరిని మొసళ్ళు, పగడపు దిబ్బల నడుమ ఒక వరుసలో చేర్చి ముద్రించడం చూసి నేను సిగ్గుపడ్డాను. పైగా ఆ పేర్లైనా వారివి కావు. "జరావా" అనేది పొరుగు జాతివారి మాట, పరాయివారని అర్థం. వారు తమను "అంగ్" అనుకుంటారు, అంటే మనుషులు. ఒకరు పరాయివాడన్న మాటను మనం ఆ జాతికి నామకరణం చేసి, చట్టాలలో రాసుకున్నాం.

స్నేహం చేసిన జాతికి ఏమి దక్కిందో చరిత్ర చెబుతుంది. 1858లో గ్రేట్ అండమానీలు సుమారు 5 వేల మంది, పది తెగలు. 1859 మేలో ఏబర్డీన్ వద్ద విల్లంబులతో దొరల మీదికి వచ్చారు; వారితో ఏడాదిపాటు కాపురం చేసి తిరిగి వచ్చిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా వర్తమానం అందించడంతో ఓడిపోయారు. తరువాత దొరలు వారిని చేరదీసి "అండమాన్ హోమ్‌లు" పెట్టారు. అక్కడ సవాయి రోగాలు, తట్టు, పొగాకు, నల్లమందు అలవడ్డాయి. 1961 నాటికి మిగిలినవారు 19. 2011లో 44. వారి ఒక తెగ భాష "బో"కు ఆఖరి వక్త అయిన వృద్ధురాలు, బోవా సీనియర్, 2010 జనవరి 26న కన్నుమూసింది. మాట్లాడటానికి తన భాష తెలిసినవారు లేక ఆమె కొన్నాళ్ళు పక్షులతో మాట్లాడేదట. ఆ భాషలను అధ్యయనం చేసిన అన్వితా అబ్బి గారు, అక్కడ వ్యాకరణమంతా మానవ శరీర విభాగాల మీద నిలిచి ఉన్నదని వెల్లడించారు. నోటికి చెందినది, చేతికి చెందినది, లోపలి అవయవాలకు చెందినది అని తేడా చూపకుండా ఎన్నో విషయాలు చెప్పనే కుదరదట. ఆమె కూర్చిన నిఘంటువు 2012లో వచ్చింది. అనువాదకునికి అటువంటి భాష కలలోకి వచ్చే భాష. దానిని వినడానికి నేను ఆలస్యంగా పుట్టాను.

జరావాలు స్నేహం చేయలేదు. నూటయాభై ఏళ్ళు బాణాలతో అందరినీ దూరంగా ఉంచారు. వారి అడవి మధ్య నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు వేసినప్పుడూ ప్రతిఘటించారు. 1996లో కదంతలా వద్ద కాలు విరిగి పడి ఉన్న ఒక జరావా కుర్రవాణ్ణి బ్లెయిర్ ఆసుపత్రిలో చేర్చి నయం చేసి పంపారు. ఆ తరువాత, 1997 చివరి నుంచి, వారు తమంత తామే పగటిపూట బయటికి రాసాగారు. 1999లో తట్టు సోకింది, 2006లో మరొకసారి. 2002 మే 7న సుప్రీంకోర్టు వారి అభయారణ్యంలోని రోడ్డు భాగాన్ని మూసివేయమని ఆజ్ఞాపించింది. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో, తినుబండారాలు చూపి జరావా స్త్రీలను నాట్యం చేయిస్తున్న దృశ్యం ప్రపంచమంతా చూసింది. అప్పుడు చట్టాన్ని కఠినం చేసి, ఏళ్ళ తరబడి జైలు శిక్ష విధించే నిబంధనలు చేర్చారు.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకూ, బురద అగ్నిపర్వతానికీ పోయే యాత్రికుడు ఆ రోడ్డు మీదుగానే పోతాడు. గుహలు బాగుంటాయి. అంతకు మించి చెప్పడానికి నాకు మనసు రాదు. ఎందుకంటే చాలామంది గుహల పేరు చెప్పి పోయేది రోడ్డు పక్క మనుషుల కోసమని అందరికీ తెలుసు. "కనిపించారా?" అన్నదే తిరిగి వచ్చిన వారిని హోటలులో అడిగే మొదటి ప్రశ్న. పులి కనిపించిందా అన్న స్వరంతోనే అడుగుతారు. రంగత్, మాయాబందర్‌లకు సముద్రం మీద పడవలున్నాయి. వీలైనవారు అలా పోవచ్చు. ఆదిమవాసుల పనిముట్లు, పడవలు, నివాసాల నమూనాలు చూడగోరేవారికి బ్లెయిర్‌లోనే మానవశాస్త్ర ప్రదర్శనశాల ఉన్నది. ఒక పూట అక్కడ గడిపితే కిటికీలోంచి తొంగి చూసి తెలుసుకునేదానికి పదింతలు తెలుస్తుంది.

సెంటినెలీల దీవిని గురించి ఇంకా తక్కువ చెప్పడం మర్యాద. 1991 జనవరిలో ఒకసారి ప్రభుత్వ బృందం చేతి నుంచి కొబ్బరికాయలు అందుకున్నారు. ఆ బృందంలోని మానవశాస్త్రజ్ఞురాలు మధుమాల ఛటోపాధ్యాయ. తరువాత అటువంటి యాత్రలు మానుకున్నారు, అది వివేకవంతమైన నిర్ణయం. 2018 నవంబరులో మతప్రచారానికి రహస్యంగా దిగిన ఒక అమెరికన్ ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 మార్చి చివర మరొకడు ఒడ్డున శీతల పానీయం డబ్బా, కొబ్బరికాయ పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. కొండంత అజ్ఞానానికి ఆ డబ్బా గుర్తు. మన జలుబు కూడా వారికి మృత్యువు కాగలదని ఒకటవ తరగతి పిల్లవాడికి సైతం చెప్పి అర్థమయ్యేటట్టు చేయవచ్చు.

జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం వద్ద తెల్లవారక ముందే వాహనాలు బారులు తీరుతాయి. పోలీసులు పేర్లు రాసుకుంటారు. ఆగరాదు, అద్దాలు దించరాదు, ఫోటో తీయరాదు, ఏదీ ఇవ్వరాదు అని బోర్డు. నిర్ణీత సమయానికి గేటు లేస్తుంది. బండ్లన్నీ ఒకదాని వెనుక ఒకటిగా, ముందూ వెనుకా పోలీసు కాపలాతో, సుమారు 50 కిలోమీటర్ల అడవిలోకి కదులుతాయి. ఉత్తరానికి మరో పని మీద పోతూ నేను ఎక్కిన బస్సులో మాయాబందర్‌కు పెళ్ళికి పోతున్న ఒక తెలుగు కుటుంబమున్నది. గేటు లేవగానే ఆ ఇంటి ఇల్లాలు ఎవరూ చెప్పకుండానే తన వైపు కిటికీ తెర లాగింది. వెనుక సీటులోని యాత్రికుడొకడు, "అదేమిటమ్మా, ఇప్పుడే కదా చూడవలసింది!" అన్నాడు. "వాళ్ళ ఇల్లండీ ఇది. తెల్లారి లేచీ లేవకముందు ఎవరింట్లోకైనా తొంగి చూస్తామా?" అని ఆమె పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. ఆయన తన వైపు కిటికీని కాసేపు చూసి, పత్రిక తెరిచాడు. గంటన్నర తరువాత మిడిల్ స్ట్రెయిట్ వద్ద బస్సు బల్లకట్టు ఎక్కింది. అవతలి ఒడ్డున నీలంబూర్ రేవు, మలబారులోని ఊరి పేరే. అక్కడ బెంగాలీ టీ దుకాణంలో ఆ కుటుంబం పూరీలు తిన్నది. దుకాణదారు హిందుస్తానీలో లెక్క చెప్పాడు, ఆమె హిందుస్తానీలోనే బేరమాడింది.